మ్యాపులో లేని అరవై గజాలు

ఉదయం ఎనిమిది దాటితే బొగ్గులవాగులో నేల మీద మనిషి కనబడడు. మనుషులే కాదు, కోళ్ళూ కుక్కలూ కూడా కిందిళ్ళలోకి దిగిపోతాయి. ఎండాకాలం ఎనిమిది నెలలకు పాకినప్పటి నుంచీ ఇదే బతుకు. పట్నం వాళ్ళు కరెంటు ఉన్నంతసేపు ఏసీలు వేసుకుంటారు, లేనప్పుడు ప్రభుత్వాన్ని తిడతారు. బొగ్గులవాగు వాళ్ళకు అంతకంటే మంచి విద్య చేతిలో ఉంది. గని మూతపడి పద్దెనిమిదేళ్ళయినా తట్టా, బొగ్గు తవ్వే చెమ్మసూ అటక మీద అలాగే ఉన్నాయి కదా! ప్రతి ఇంటి వెనకా ఎనిమిదడుగుల లోతున ఒక గది తవ్వుకున్నారు, గనిలో నిలబెట్టినట్టే దుంగలు నిలబెట్టారు, పైన మట్టి కప్పారు. బయట యాభై డిగ్రీలుంటే లోపల ముప్పై రెండు. తాతలు బొగ్గు తవ్వి లోకాన్ని వేడెక్కించారు, మనవళ్ళు ఆ వేడికి జడిసి మళ్ళీ భూమిలోకే దూరారు. దేవుడికి ఎకసెక్కాలంటే ఇష్టం.

ఓదెలుకు డెబ్బై ఒకటి. గనిలో సర్దారుగా చేసి కొలువు దిగిపోయాడు. సర్దారంటే పెద్ద దొరేం కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా దిగి, చేతిదీపం ఎత్తీ దించీ గాలి మంచిదో చెడ్డదో చూసి, పైకప్పును కర్రతో తట్టి విని, "రండి" అనేవాడు. అతను రమ్మంటేనే మిగతావాళ్ళు అడుగు వెయ్యాలి. ఇరవై నాలుగేళ్ళు అలా రమ్మన్నాడు. అతని మాట మీద దిగి తిరిగి రానివాడు ఒక్కడే, గట్టయ్య.

ఆ రోజు కూతురు వినోద కిందింటి మెట్లు దిగి వచ్చేసరికి ఓదెలు చాప మీద పడుకుని ఉన్నాడు. ఆమె చంకలో ఒక పొడుగాటి కాగితపు చుట్ట, చేతిలో గుప్పెడంత బూడిదరంగు రాయి.

"బాపూ, ఇదేందో చెప్పు."

"రాయి. నలభయ్యేండ్లదానివి, ఇంక రాళ్ళతోని ఆడుతున్నవా బిడ్డా?"

"పొగ బాపూ. పోయినేడు ఇది పవర్‌ప్లాంటు గొట్టంల పొగ."

ఓదెలు లేచి కూర్చున్నాడు. రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు, వాసన చూశాడు. బరువుగానే ఉంది. పొగకు బరువుంటుందని గనిలో చేసినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. చెడ్డగాలి ఎప్పుడూ నేలనంటుకుని పల్లంలోనే పడుకుంటుంది.

వినోద పట్నంలో వాయువుల మీద చదువు చదివి, పెద్ద కొలువు వదులుకుని, మూతపడ్డ గని దగ్గర పాత ల్యాంపు రూములో లేబరేటరీ పెట్టింది. ఒకప్పుడు గోడ నిండా దీపాలు వేలాడిన ఆ గదిలో ఇప్పుడు గాజు జాడీలున్నాయి. ఒకసారి తండ్రిని తీసుకెళ్ళి చూపించింది. జాడీలోకి వెలిగించిన అగ్గిపుల్ల దించితే సగంలోనే ఆరిపోయింది. లోపల ఉన్నది పొగలోంచి వేరుచేసిన బొగ్గుగాలి, అంటే కార్బన్ డయాక్సైడు. దాని మీద బూడిదరంగు పాలలాంటిదేదో పోసింది. పవర్‌ప్లాంటు బూడిదను నీళ్ళలో కలిపి, అందులో ఆమె పెంచిన ఒక సూక్ష్మజీవిని తోడు వేసిందట. తోడేసిన పాలు పెరుగైనట్టు, ఈ పాలు ఆ గాలిని పట్టుకుని మెల్లగా రాయవుతాయి. పనివాళ్ళు దానికి రాతిపాలని పేరు పెట్టారు. వినోదకు కంపెనీ పెట్టిన నోరు తిరగని పేరు కంటే ఆ పేరే నచ్చింది.

"జాడీల అయితే ఆరు నెలలు. గనిల అయితే రెండేండ్లు," అంది వినోద చాప మీద కాగితం పరుస్తూ. "ఆ రెండేండ్లు గాలి కదలకుంట, ఏడికీ పోకుంట గనిలనే ఉండాలె. తర్వాత ఇగ రాయే, ఎవ్వడు కదిలియ్యలేడు. నువ్వు తవ్వి తీసిందంత కాలి పొగై ఆకాశంల కూసున్నది. దాన్ని పట్టుకచ్చి నీ గనిలనే పెడ్త బాపూ."

ఆ మాటకు ఓదెలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయిన ఎనిమిదేళ్ళుగా ఎవరు వడదెబ్బకు పోయినా తన చెమ్మసు గుర్తొచ్చేది అతనికి. ఎవరితోనూ అనలేదు. కూతురికి మాత్రం ఎలాగో తెలిసిపోయినట్టుంది.

"ఇది గని మ్యాపు," అంది వినోద. "మ్యాపులు అబద్ధం చెప్తయని నాకెరుకే. సర్వేయరు రాసింది వేరుంటది, మీరు తవ్వింది వేరుంటది. సర్దార్లల్ల నువ్వొక్కనివే మిగిలినవ్. మంచిగ చూడు. ఇందుల ఏమన్న తక్కువున్నదా?"

కాగితం మీద గని అంతా సాలెగూడులా పరుచుకుని ఉంది. ఓదెలు వేలు గనిలోకి దిగే ఏటవాలు దారి, ఇంక్లైను దగ్గర మొదలై, అడ్డదారులు దాటి, తూర్పు చివర, కార్మికుల ఇళ్ళ వరసలున్న కింది లైన్ల దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ కాగితం ఖాళీ.

అక్కడ ఖాళీ కాదు.

ముప్పై రెండేళ్ళ కిందటి మార్చి నెల. టార్గెట్టు పూర్తి కాలేదు. కింది లైన్ల అడుగున బొగ్గు ముట్టుకోకూడదని రూలు, ముట్టుకుంటే పైన ఇళ్ళు కుంగుతాయి. అయినా పై అధికారి చెవిలో చెప్పాడు, నోటి మాటే, కాగితం లేదు. మూడు వారాల్లో అరవై గజాల సొరంగం తవ్వారు. ప్రతి షిఫ్టుకీ ఓదెలే ముందు దిగి కప్పు తట్టాడు. ఆ పొద్దు కూడా తట్టాడు, కాస్త బోలుగా మోగింది, అంటే కప్పు వదులైందన్నమాట. నెలాఖరు కదా, ఇంకొక్క పొద్దు కదా అనుకుని "రండి" అన్నాడు. గట్టయ్య అందరికంటే ముందు వచ్చి, "బావా, ఇయ్యాల కల్లు నీ మీదనే" అని నవ్వుతూ లోపలికి పోయాడు. కప్పు అతని మీద కూలింది.

పోకూడని చోట పోతే తప్పు పోయినవాడిదే అవుతుంది. పెళ్ళానికి ఉద్యోగం రాదు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అప్పటికి గట్టయ్య భార్య లస్మక్క ఒడిలో మూడు నెలల కొడుకు. ఓదెలుతో కలిపి మిగిలిన నలుగురూ శవాన్ని భుజాల మీద మోసుకుని, రూలు ప్రకారం తవ్వుతున్న చోటికి తెచ్చి పడుకోబెట్టి, అక్కడే కప్పు కూలిందని చెప్పారు. సొరంగం నోటికి రాళ్ళు పేర్చారు. ఓదెలు చేతిదీపం మీద నలుగురూ చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నారు. ఆ నలుగురిలో ముగ్గురు ఇప్పుడు లేరు. లస్మక్కకు ఉద్యోగం వచ్చింది, కొడుకు తిరుమలేశ్ పెరిగి పెద్దవాడయ్యాడు, ఇప్పుడు పొగను గనిలోకి పంపడానికి వినోద పెట్టిన ప్లాంటులోనే పంపుల దగ్గర పని చేస్తున్నాడు.

"ఏంది బాపూ, ఆగినవ్?"

నిజం ఓదెలు నోటి దాకా వచ్చింది. చెబితే గట్టయ్య చచ్చాక కూడా దొంగవాడవుతాడు. లస్మక్క ముప్పై రెండేళ్ళు తిన్న కూడు అబద్ధపు కూడవుతుంది. కప్పు బోలుగా మోగిందన్న మాట కూడా చెప్పాలి. అయినా ఆ సొరంగం ఎప్పుడో కూలింది, కూలిన చోట గాలెక్కడ దూరుతుంది? తేలు కుట్టిన దొంగ ఎంత నిబ్బరంగా ఉంటాడో అంత నిబ్బరంగా అన్నాడు.

"ఏం తక్కువ లేదు బిడ్డా. అంత సక్కగనే ఉన్నది."

"అయితే ఈడ సంతకం పెట్టు."

పెట్టాడు.

*

పంపులు మొదలయ్యాయి. నేలలోంచి సన్నని మోత ఒకటి పగలంతా వినబడేది. మొదట్లో జనం చెవులు రిక్కించి విన్నారు, నెల తిరక్కుండానే అలవాటు పడ్డారు. మ్యాపులో గని ఉన్నంత మేరా నేల మీద వినోద మీటర్లు పాతించింది. గాలి పిసరంత పైకొచ్చినా గంట మోగుతుంది. ఏడు నెలల్లో ఒక్క గంటా మోగలేదు. కింది లైన్లలో మీటర్లు లేవు. మ్యాపు ప్రకారం అక్కడ గనే లేదాయె.

ఓదెలు వారానికి రెండుసార్లయినా లస్మక్క ఇంటికి వెళ్ళేవాడు. రెండేళ్ళ కింద ఆమె కోడలు నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి వడదెబ్బకు పడిపోయింది, మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి లస్మక్కకు ఎండంటే పులంత భయం. ఏడేళ్ళ మనవరాలు సహస్రను ఎనిమిది గంటల తర్వాత గడప దాటనివ్వదు. వాళ్ళ కిందిల్లు కాలనీలోకెల్లా లోతైనది, చల్లనిది. అది ఓదెలు దగ్గరుండి తవ్వించిందే. గట్టయ్య చనిపోయిన ఏడాదే వానలకు ఆ ఇంటి వెనక ఒక గుంట పడితే తానే తట్టలతో బూడిద పోసి పూడ్చాడు. తర్వాత కిందిల్లు కావాలన్నప్పుడు, "ఈడ తవ్వుండ్రి, మన్ను మెత్తగుంటది" అని చూపించిందీ ఆ గుంటనే. అడుగున ఏముందో మరిచిపోయి కాదు. సొరంగం నలభై గజాల లోతున ఉంది, ఎనిమిదడుగుల గదినేం చేస్తుందిలే అనుకున్నాడు. విధవరాలికి కాస్త కష్టం తగ్గుతుందని కూడా అనుకున్నాడు.

ఒక సాయంత్రం వెళ్ళేసరికి లస్మక్క వాకిట్లో కూర్చుని కోడిపిల్లలను గోతిలో వేస్తోంది. ఐదున్నాయి.

"ఏమైంది చెల్లె?"

"పొద్దుగాల కింద ఇడిసిన అన్నా. సూసేవరకు గిట్లున్నయి. ఎండకే గావచ్చు."

"కింద ఎండేడిది?"

"ఏమో. గీ వారం అన్ని గట్లనే ఉన్నయి. మీ బావ ఫోటోకాడ దీపం పెడ్తే నిలుస్తలేదు. నూనె మార్చిన, ఒత్తి మార్చిన, ఊకెనే ఆరిపోతది. తలకాయ ఒక్కటే నొస్తున్నది. గాయినకు నా మీద కోపమచ్చిందో ఏందో."

గట్టయ్య ఫోటో కిందింట్లో నేల మీద పీట వేసి పెట్టారు. ఓదెలు నేరుగా ఇంటికి వచ్చి, అటక మీది ఇత్తడి చేతిదీపం దించి, తుడిచి, వెలిగించుకుని మళ్ళీ వెళ్ళాడు.

"గదెందుకన్నా?" అంది లస్మక్క.

"దుంగలు సూద్దామని."

నాలుగు మెట్లు దిగాడు. దీపం నిలబడింది. ఇంకో రెండు దిగాడు. గుండె దడదడలాడింది, ఊపిరి పొట్టిదైంది. అట్టడుగున నిలబడి, ఇరవై నాలుగేళ్ళు చేసినట్టే, దీపాన్ని మెల్లగా కిందికి దించాడు. నడుము దగ్గర మంట కుంగింది. మోకాలి దగ్గర ఆరిపోయింది. పంపులు ఒత్తి నింపిన గాలి కూలిన కప్పు సందుల్లోంచి ఈ గుంట దాకా ఏ దారిన వచ్చిందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పైకొచ్చాడు. లస్మక్క, పక్కనే సహస్ర అతని ముఖం వైపు చూస్తున్నారు. ఒక్క మాట చాలు. చెడ్డగాలి వచ్చింది చెల్లె అంటే చాలు. గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆ మాట విన్నాక తల నరికినా ఆ మెట్లు దిగదు. కానీ ఆ మాట అంటే, గాలెక్కడిది, గని ఇక్కడిదాకా ఎందుకు వచ్చింది, ఎవరు తవ్వారు అని ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ముందు బిడ్డకు చెప్పాలి, ఆమె పంపులు ఆపాలి, ఆ తర్వాత వీళ్ళకు మెల్లగా చెప్పుకోవచ్చు అనుకున్నాడు.

"దుంగ పుచ్చింది. మన్ను రాలుతున్నది. రెండు దినాలు కిందికి దిగకుండ్రి. నేనచ్చి కొత్త దుంగ పెడ్త."

"రెండు దినాలా? గీ ఎండల పోరిని ఏడ పెట్టుకోవాలె?"

"మా ఇంటికి రాండ్రి."

"సూస్త తియ్యి," అంది లస్మక్క.

*

తెల్లవారగానే ఓదెలు ప్లాంటుకు బయలుదేరాడు. గేటు దగ్గర మామిడాకులు కట్టి ఉన్నాయి. లక్ష టన్నులు పూర్తయ్యాయట, ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. వినోద కొత్త చీర కట్టుకుంది. ఆమె అలా నవ్వగా తల్లి పోయిన తర్వాత చూడలేదు అతను. అతణ్ణి చూసి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"సార్, మా బాపు. ఈ గని సర్దారు. మ్యాపు సరైందని సంతకం పెట్టింది ఈయనే. ఈయన మాట మీదనే మేం దిగినం."

వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకాయన శాలువా కప్పాడు. పంపుల దగ్గర నుంచి తిరుమలేశ్ కూడా చూసి, "మామా!" అని చెయ్యి ఊపాడు.

ఢిల్లీవాళ్ళు పోయాక చెబుదామనుకున్నాడు. పదకొండుకు పోతారన్నవాళ్ళు పోలేదు. భోజనాలన్నారు. భోజనాల తర్వాత ల్యాంపు రూములో జాడీలు చూస్తామన్నారు. మధ్యలో ఒకసారి వినోద ఒంటరిగా దొరికింది.

"బిడ్డా, నీతోని ఒక మాట చెప్పాలె."

"చెప్పు బాపూ."

ఆమె ముఖం చూశాడు. "కింది లైన్లకు గూడ మీటర్లు పెడ్తే మంచిగుంటది," అన్నాడు.

"ఆడ గని లేదు గదా! అయినా నువ్వన్నవంటే రేపే పెట్టిస్త."

రేపు. ఆ మాట పట్టుకుని ఓదెలు బయటపడ్డాడు. రేపు మీటరే చెబుతుంది, తన నోటితో చెప్పే పని తప్పుతుంది. ఎండ తిరిగే దాకా గేటు పక్క షెడ్డులో కూర్చుని, నాలుగింటికి తలకు తడిగుడ్డ చుట్టుకుని ఇంటి దారి పట్టాడు. ఆ రోజు యాభై రెండు డిగ్రీలు. కింది లైన్లలో పిట్ట అలికిడి లేదు. తన ఇంటి తలుపుకు పొద్దున పెట్టిన గొళ్ళెం అలాగే ఉంది, ఎవరూ రాలేదు. లస్మక్క ఇంటికి పోయాడు. ముందు తలుపు దగ్గరకు వేసి ఉంది. వెనక్కి వెళ్ళాడు.

కిందింటి మెట్ల దగ్గర రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

అతను అరిచిన అరుపుకు లైన్లన్నీ లేచి వచ్చాయి. ఊపిరి బిగబట్టి దిగి ముందు పిల్లను పట్టుకుని లాగాడు. రెండోసారి దిగబోతే పక్కింటివాళ్ళు అతణ్ణి ఆపి, నడుముకు తాడు కట్టుకుని లస్మక్కను పైకి తెచ్చారు. ఇద్దరి ముఖాల్లోనూ బాధ లేదు, నిద్రపోయినట్టే ఉన్నారు. లోపల కొత్తగా ఒక పోటుకర్ర నిలబెట్టి ఉంది. దుంగ పుచ్చిందన్నాడు కదా, సర్దారు మాట మీద నమ్మకంతో లస్మక్క తానే పాత గుంజ ఒకటి తెచ్చి కప్పుకు ఆనించింది. మన్ను రాలకుండా అంతా సరిచేసుకుని, మనవరాలి పక్కన చాప వేసుకుని పడుకుంది.

*

వినోద మీటరు పట్టుకుని వచ్చింది. శాలువాలు కప్పినవాళ్ళ కార్లు అప్పటికే ఊరు దాటాయి. ఆమె మీటరును తాడుతో కిందికి దించి, అంకె రెండుసార్లు చూసింది. తర్వాత ఫోనులో, "పంపులు ఆపుండ్రి. ఇంక్లైను తలుపులు తెరువుండ్రి. ఫ్యాన్లు తిప్పి గాలంత బయటికి ఇడువుండ్రి," అంది. అవతల ఎవరో ఏదో అన్నారు. "నాకెరుకే. అంత పోనీ. రాయి కానిదంత పోనీ," అంది. ఏడు నెలలు పట్టుకొచ్చి దాచిన పొగ ఆ సాయంత్రం నుంచే మళ్ళీ ఆకాశంలోకి పోవడం మొదలుపెట్టింది. కింది లైన్ల నూట అరవై ఇళ్ళ వాళ్ళనూ కిందిళ్ళలోంచి లేపి, మూటలతో సహా బడి వరండాల్లోకి పంపారు. ఆ వరండాల్లో వారం తిరిగేలోపు ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు ఎండకు పోయారు. వాళ్ళ లెక్క ఎవరి ఖాతాలోనూ వెయ్యలేదు.

దినాలు కాకముందే వినోద తండ్రి ముందు మళ్ళీ అదే మ్యాపు పరిచింది. ఈసారి కింద కాదు, ఎండ కొట్టే ముందటి గదిలో. గడపలో తిరుమలేశ్ కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడ మ్యాపుల గని లేదు బాపూ," అంది వినోద. "గాలి ఎట్లచ్చింది?"

ఓదెలు పెన్సిలు అడిగి తీసుకున్నాడు. తూర్పు చివరి గోడ దగ్గర మొదలుపెట్టి గీత గీశాడు. గీత తిన్నగా పోయింది, అంత బాగా గుర్తుంది అతనికి. అరవై గజాలు గీసి, చివర ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్క లస్మక్క ఇంటి కింద పడింది. తర్వాత చెప్పాడు. మార్చి నెల, బోలుగా మోగిన కప్పు, భుజాల మీద మోసిన శవం, దీపం మీద ఒట్టు, పూడ్చిన గుంట, మోకాలి దగ్గర ఆరిన మంట, దుంగ పుచ్చిందన్న మాట. ఏదీ దాచుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసినా అన్నీ చెప్పాడు.

వినోద వింటూ ఒకసారి గోడకు చేరబడింది. "ముందు దినమే ఎరుకనా నీకు?" అంది.

"ఎరుకే బిడ్డా."

"నా చెయ్యి పట్టుకొని నిలబడ్డవ్. ఒక్క మాట చెప్పకపోతివి."

"నీ మొఖం సూసిన. నోరు రాలె."

ఆమె కాగితాన్ని అతని ముందుకు జరిపింది. గొంతులో కోపం కూడా మిగల్లేదు. "సంతకం పెట్టు," అంది. "ఎంక్వయిరీల ఇది ఇస్త. నాది గూడ దీని కిందనే పెడ్త."

ఓదెలు సంతకం పెట్టాడు. ఆమె పెట్టింది. అప్పుడు తిరుమలేశ్ లేచి వచ్చి మ్యాపు మీదికి వంగాడు. అతని వేలు గీత వెంట మెల్లగా పోయి, చివరి చుక్క మీద ఆగింది.

"మా బాపు ఈడనేనా?"

"ఈడనే కొడుకా."

"మా అమ్మ, నా బిడ్డ గూడ ఈడనే." అతను వేలు తియ్యలేదు. "గాలి అని చెప్పకపోతివి గద మామా. దుంగ అంటే మా అమ్మ దుంగ పెట్టుకున్నది. గాలి అంటే దిగకపోతుండె."

ఓదెలు తల ఊపాడు. తిరుమలేశ్ చెప్పులు వేసుకుని ఎండలోకి దిగాడు. కింది లైన్లలో ఎవరూ లేరు. అతను ఒక్కడే నడుచుకుంటూ ఇంటి వెనక్కి పోయి, ఊపిరి బిగబట్టి కిందింట్లోకి దిగి, తండ్రి ఫోటో ముందు నేల మీద పెట్టే దీపాన్ని తీసుకొచ్చి, పైన ఇంటి గోడకు మేకు కొట్టి, చెడ్డగాలి అందని తలెత్తున వేలాడదీసి వెలిగించాడు.